కథ చుట్టిన రొట్టె

ఆ ఇంటి చిన్నపిల్లకి ఐదేళ్ళు. తిండి దగ్గర దాని వాలకం చూసి అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్ళు. నిజానికి ఆ పేరు పిచ్చుకలకి అవమానం. అవి గింజ కనిపిస్తే కనీసం ముక్కుతో పొడుస్తాయి, ఇది కంచం కనిపిస్తే మొహం తిప్పుకునేది. పొద్దున పూట దాని కడుపులో ఏదైనా పడాలంటే ఒకటే దారి. వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని కథ చెప్పాలి. ఒక్కో మాటకి ఒక్కో ముద్ద. కథ ఆగితే నోరు మూతపడుతుంది. ముద్ద బుగ్గన పెట్టుకుని, తర్వాతేమైందో చెప్పమన్నట్టు కళ్ళెగరేస్తుంది. అలా సగం కంచం ఖాళీ అయ్యేసరికి ముప్పావు గంట గడిచిపోయేది.

వాళ్ళమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ముప్పావు గంట ఎవరికీ బరువు కాలేదు. కానీ ఐదు నెలల కిందట ఆవిడ సిటీ బస్సు డ్రైవరయింది. పెద్ద బండి లైసెన్సు కోసం నాలుగేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, వెనక్కి నడిపే పరీక్షలో రెండుసార్లు బండిని స్తంభానికి తగిలించి, మూడోసారి గట్టెక్కి సంపాదించుకున్న ఉద్యోగం అది. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తారు. ఆ ఆరు నెలల్లో మూడుసార్లు ఆలస్యంగా వస్తే ఇంటికి పంపేస్తారు. డిపోలో టైం కీపరు ఆరుంపావుకి ఎర్ర పెన్ను మూత తీసి కూర్చుంటాడు. ఇంట్లో పిల్ల తినలేదంటే ఆయన పెన్ను ఆగదు. ఆవిడ పేరు పక్కన అప్పటికే రెండు ఎర్ర గీతలు పడ్డాయి. రెండుసార్లూ కారణం కంచంలో మిగిలిపోయిన నాలుగు ముద్దలే.

తినిపించకుండా వెళ్ళిన రోజు కూడా ఒకటుంది. ఆ రోజు పిచ్చుక బడిలో పదింటికి కళ్ళు తిరిగి బెంచీ మీద వాలిపోయింది. టీచరు ఫోను చేసేసరికి వాళ్ళమ్మ నడిరోడ్డు మీద స్టీరింగు పట్టుకుని ఉంది. ఆ దెబ్బతో ఆవిడ పిల్లని ఐదింటికే లేపి తినిపించడం మొదలుపెట్టింది. నిద్రమత్తులో ఉన్న పిల్ల ఇంకా నెమ్మదిగా తింటుందని ఎవరైనా చెప్పగలరు. తల్లులకి మాత్రం చెప్పి ఒప్పించలేరు.

ఇక ఆ ఇంటి మగవాడు. పుస్తకాలు బైండింగు చేస్తాడు. చేతుల్లో ఎంత పనితనం ఉందో నోట్లో అంత కరువు. ఏది అడిగినా రెండు మాటల్లో జవాబిస్తాడు, మూడో మాట రావడం గగనం. పెళ్ళికి ముందు ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నప్పుడు గంటసేపు ఎదురుగా కూర్చుని, "టీ చల్లారిపోతోంది" అని మాత్రం అన్నాడట. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

రెండో ఎర్ర గీత పడిన రోజు మధ్యాహ్నం ఆవిడ డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం విప్పకుండానే వంటింట్లో స్టూలు మీద కూలబడింది.

"ఏవయ్యా, నేను మానేస్తా," అంది. "ఇంకో గీత పడితే వాళ్ళే పొమ్మంటారు. అనిపించుకునే దాకా ఎందుకు?"

"వద్దు," అన్నాడు బైండరు.

"వద్దంటే ఎలా? దానికి తిండెవరు పెడతారు? నువ్వు చెప్తావా కథలు?"

వెటకారంగా అన్న మాట కాదది. అలసిపోయి అన్న మాట. అందుకే అతనికి మరీ సూటిగా తగిలింది. ఇల్లాలు స్తంభాలకి గుద్దుకుని మరీ నేర్చుకున్న విద్య తన నోటి బెట్టు వల్ల మంట కలిసిపోతుందా అనుకుంటే అతనికి సిగ్గేసింది. కాసేపు చేతుల కేసి చూసుకున్నాడు. తర్వాత, "ఈ నెల పొద్దుటి పూటలు నాకొదిలెయ్," అన్నాడు.

అన్ని మాటలు ఒకేసారి వచ్చేసరికి ఆవిడ తలెత్తి చూసింది.

బైండరు ఆలోచన పెద్దదేమీ కాదు. కంచం కనిపిస్తే మొహం తిప్పుకునే పిల్లకి కంచమే లేకుండా చేయాలి. చేత్తో పట్టుకుని నడుస్తూ తినేదేదో ఉండాలి. దాంతో పెద్దపిల్ల సంగతి కూడా తేలిపోతుంది. దానికి పన్నెండేళ్ళు, పొద్దున ఒక చేత్తో దువ్వెన, ఇంకో చేత్తో బూటు పట్టుకుని ఇల్లంతా తిరగడంలో దానికి ఏనాడూ తినే తీరిక దొరకదు.

మొదటి రోజు పల్చటి రొట్టెలు కాల్చి, మధ్యలో ఉడికిన బంగాళదుంప, బఠాణీలు పెట్టి గుండ్రంగా చుట్టి ఇచ్చాడు. వీధి మెట్లు దిగేసరికి కూరంతా కిందికి జారింది. మెట్టుకి నాలుగు బఠాణీల చొప్పున రాలాయి. పిల్లలిద్దరి చేతుల్లో ఉత్త రొట్టె మిగిలింది. కింది వాటా ముసలాయన బఠాణీ మీద కాలేసి జారబోయి, బైండరు ఏడు తరాలనూ తలుచుకున్నాడు.

రెండో రోజు చేసిన పని ఈ భూమ్మీద బైండరు తప్ప ఇంకెవరూ చేయరు. చుట్టిన చుట్ట విడిపోతోందంటే మడత కుదురుకోలేదని అర్థం. షాపులో మడత కుదురుకోవడానికి ఏం చేస్తారు? బరువు కింద పెడతారు. అతను రొట్టెలు చుట్టి, కాగితంలో పొట్లం కట్టి, రెండు చెక్కల మధ్య వరసగా పేర్చి, పైన ఇనప దిమ్మ పెట్టి, స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే మడతలు అద్భుతంగా కుదిరాయి. కూర మాత్రం రెండు పక్కలా బయటికొచ్చి గోడ దాకా పాకింది.

"నాన్నా, ఇది తినాలా, చదవాలా?" అంది పెద్దది, అట్టలా పలచబడ్డ రొట్టెను పైకెత్తి పట్టుకుని.

అతను నవ్వలేదు. షాపుకి వెళ్ళి జిగురు కలుపుతుంటే బుర్ర వెలిగింది. బరువు పెట్టడం తర్వాతి సంగతి, ముందు జిగురుండాలి కదా. తినే వాటిలో జిగురేమిటి? గుడ్డు. మూడో రోజు రెండు గుడ్లు గిలక్కొట్టి, ఉల్లిపాయ, తురిమిన క్యారెట్టు, ఉప్పు, మిరియాల పొడి కలిపి పెనం మీద పోశాడు. పైన ఇంకా పచ్చిగా ఉండగానే రొట్టెను దాని మీద బోర్లించి, అరచేత్తో మెల్లగా అదిమి తిరగేశాడు. గుడ్డూ రొట్టే ఒకటైపోయాయి. గుడ్డు లోపలికొచ్చేలా బిగించి చుట్టి, కింది కొస మడిచి మూసేసి, బటర్ పేపరు చుట్టాడు. పెద్దది దాన్ని పట్టుకుని వీధి చివరి దాకా నడిచింది, ఒక్క ముక్క రాలలేదు. పిచ్చుక కూడా పట్టుకుని నడిచింది. తినలేదు.

"కథేదీ?" అంది.

ఆ రోజంతా షాపులో అతని మనసు మనసులో లేదు. సాయంత్రం కత్తిరింపులు సర్దుతుంటే వెనక అరలో ఒక కట్ట కనిపించింది. కిందటేడు ఒక పిల్లల బొమ్మల పుస్తకం మూడు వేల కాపీలు బైండింగుకి వచ్చింది. ఒక బూటు పోగొట్టుకున్న ఎలుగుబంటి దాన్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగే కథ. రంగు జారిపోయి ఎలుగుబంటి ముక్కు మొహం పక్కన పడ్డ కాగితాలను ప్రెస్సువాళ్ళు వద్దని వదిలేస్తే, వెనకవైపు తెల్లగా ఉంది కదా, లెక్కలు వేసుకోవడానికైనా పనికొస్తుందని అతను దాచాడు.

నోటితో చెప్పలేనిది కాగితంతో చెప్పొచ్చని అప్పుడు తోచింది. మర్నాడు బటర్ పేపరు మీద ఇంకో చుట్టు చుట్టాడు. ఒక పేజీని అడ్డంగా నాలుగు పట్టీలుగా కోసి, కింద నుంచి మొదలుపెట్టి ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా పైదాకా అంటించాడు. పై పట్టీ ఊడదీసి బటర్ పేపరు అంచు కిందికి మడిస్తే రెండు ముద్దల రొట్టె బయటికొస్తుంది, రెండు వాక్యాలు చేతికొస్తాయి. ఆ రొట్టె తింటేనే కింది పట్టీకి దారి. చదివే పని పెద్దదానిది, తినే పని చిన్నదానిది.

"ఎలుగుబంటి కొండ దిగింది. దారిలో దానికో..." అని చదివి పెద్దది ఆగింది. "మిగతాది కింది పట్టీలో ఉంది. తిను."

పిచ్చుక అనుమానంగా రొట్టె కేసి, అక్క కేసి చూసి, కొరికింది. నాలుగు పట్టీలూ పన్నెండు నిమిషాల్లో ఊడిపోయాయి. బడి గేటు దగ్గర పిల్ల చేతిలో ఉత్త బటర్ పేపరు మిగిలింది. బైండరు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని షాపు దాకా తనలో తాను నవ్వుకుంటూ నడిచాడు.

ఆ తర్వాత ఆ ఇంటి పొద్దుటి పూటలకి ఒక దారి దొరికింది. ఐదూ యాభైకి వాళ్ళమ్మ గుమ్మం దాటేది, అప్పటికి పిల్లలు నిద్రలో ఉండేవాళ్ళు. ఏడుంపావుకి లేచి తయారై, మెట్ల మీద ఒక పట్టీ, పాలబూత్ దగ్గర ఒక పట్టీ, మలుపులో ఒకటి, గేటు ముందు ఒకటి. డిపోలో మూడో గీత పడలేదు. ఆవిడ సంతోషించింది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక, ఇవాళ ఎలుగుబంటి ఎక్కడిదాకా వచ్చిందని పిచ్చుకని అడిగేది. ఒక్కోసారి అడగకుండా ఖాళీ కంచాల గూడు కేసి చూస్తూ నిలబడేది. బైండరు అది చూశాడు.

ఆరు నెలలు నిండడానికి ఇంకా ఐదు రోజులుందనగా కాగితాలు అయిపోయాయి. పుస్తకం ముప్పైరెండు పేజీలు. కట్టలో ఉన్నవి ఇరవైనాలుగు. చివరి ఎనిమిది పేజీలు ప్రెస్సులో శుభ్రంగా అచ్చయ్యాయి కాబోలు, వాటిలో ఒక్కటీ పాడవలేదు. ముందురోజు సాయంత్రం అతను అరలన్నీ తిరగేశాడు. దొరకలేదు. అంగడిలో కొందామంటే ఆ పుస్తకాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. చిన్నపిల్ల, గమనించదులే అనుకుని తెల్ల కాగితాన్నే పట్టీలుగా కోసి చుట్టాడు.

ఎంత తప్పు లెక్కో పొద్దున్నే తెలిసింది. ఇవాళ ఎలుగుబంటికి బూటు దొరుకుతుందని అక్క ముందురోజు చెప్పింది. ఆ ఆత్రంలో పిచ్చుక ఐదున్నరకే తనంతట తనే లేచి వచ్చి, గట్టు మీది రొట్టెను తీసుకుంది. తెల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బొమ్మేదీ?"

"అయిపోయింది," అన్నాడు బైండరు.

"బూటు దొరికిందా?"

"తెలీదు."

అప్పటికి వాళ్ళమ్మ యూనిఫాం వేసుకుని బ్యాగు భుజానికి తగిలించుకుంది. నమ్మలేనట్టు భర్త కేసి చూసింది. "మూడు వేల పుస్తకాలు కుట్టావు కదయ్యా. చివర ఏమవుతుందో తెలీదా?"

"కుట్టాను. చదవలేదు."

పిచ్చుక రొట్టెను గట్టు మీద పెట్టేసి వచ్చి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది. "నువ్వే చెప్పు. నువ్వే తినిపించు. నాకిది వద్దు," అని ఏడుపు లంకించుకుంది. ఆ గోలకి పెద్దది కూడా నిద్ర లేచి, దువ్వెనతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

గోడ గడియారంలో ఐదూ నలభై రెండు. వాళ్ళమ్మ గడియారాన్ని చూసింది, పిల్లని చూసింది. బ్యాగు భుజం మీంచి జారింది.

"రెండు నిమిషాలు," అంది, నేల మీద కూర్చుంటూ. "రెండు నిమిషాల్లో చెప్పేసి వెళ్తా."

కిందటి రెండుసార్లూ ఆవిడ ఈ మాటే అంది. బైండరుకి ఆ సంగతి గుర్తుంది. ఆవిడ కూర్చుంటే లేవదు. లేవలేకపోవడం ఆవిడ తప్పు కాదు, కానీ ఎర్ర పెన్నుకి ఆ సంగతి ఎవరు చెప్తారు? నాలుగేళ్ళ తిరుగుడు ఐదు రోజుల ముందు నీళ్ళపాలవుతుంది. అది తలుచుకునేసరికి అతని నోరు దానంతటదే తెరుచుకుంది.

"నువ్వు లే," అన్నాడు. "నేను చెప్తా."

ముగ్గురూ అతని కేసి తిరిగారు. పిచ్చుక ఏడుపు కూడా ఆపింది, ఆశ్చర్యంతో.

అతను రొట్టె తీసుకుని పిల్ల ముందు గొంతుకు కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎలుగుబంటి," అన్నాడు. చాలాసేపటికి, "నడిచింది," అన్నాడు.

"ఎక్కడికి?" అంది పిచ్చుక.

ఎక్కడికి? అతనికి తెలిసిన చోట్లు రెండే, ఇల్లూ షాపూ. "బైండింగు షాపుకి."

"ఎందుకు?"

"అక్కడ కుడతారని ఎవరో చెప్పారు. బూటు కుట్టించుకుందామని." ఒక పట్టీ లాగి రొట్టె చేతికిచ్చాడు. పిల్ల కొరికింది, కళ్ళు అతని మీదే పెట్టి. "షాపాయన ఇక్కడ పుస్తకాలే కుడతాం, బూట్లు కుట్టం అన్నాడు. ఎలుగుబంటి కాగితాల కట్ట మీద కూర్చుని ఏడ్చింది. కట్టంతా తడిసిపోయింది. ఇలా అయితే సరుకు పాడవుతుందని షాపాయన కాలు చూపించమన్నాడు."

"తర్వాత?"

"తర్వాత కొలత తీసుకున్నాడు. దళసరి అట్ట కోశాడు. ఆ అట్ట మామూలుగా వంగదు. కాస్త తడి చేయాలి, వేలితో నెమ్మదిగా ఒత్తుకుంటూ పోవాలి, తొందరపడితే విరుగుతుంది. పైన నీలం గుడ్డ అంటించాడు. సూదిలో మైనం రాసిన దారం ఎక్కించి..."

అతనికే వింతగా ఉంది. అట్ట గురించి, దారం గురించి చెప్పడానికి తన దగ్గర ఇన్ని మాటలున్నాయని ఎవరికి తెలుసు? పిల్ల నములుతోంది. పెద్దది దువ్వుకోవడం మానేసి వింటోంది. రెండో పట్టీ ఊడింది. తలెత్తేసరికి గుమ్మంలో ఆవిడ కనిపించింది. బ్యాగు చేతిలో ఉంది, ఒక కాలు బయట, ఒక కాలు లోపల. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి నోట్లోంచి ఇంత పొడుగు మాట విననిది, ఎలా కదులుతుంది? గడియారంలో ఐదూ నలభై తొమ్మిది.

ఆవిడ చూపు తగలగానే అతని మాట ఆగిపోయింది.

"సూది ఎక్కించి?" అంది పిచ్చుక.

"మీ అమ్మ చూస్తుంటే నాకు రావట్లేదు," అన్నాడు. ఉపాయం కాదు, ఉన్న మాటే.

పిచ్చుక గిరుక్కున తిరిగింది. నోటి నిండా రొట్టెతో, చేయి ఊపుతూ, "అమ్మా, నువ్వు వెళ్ళిపో," అంది. "నాన్న కథ ఆగిపోయింది. వెళ్ళవేం?"

ఆవిడ మొహంలో ఏదో చప్పున ఆరిపోయింది. నవ్వబోయింది, కుదరలేదు. బ్యాగు భుజానికెత్తుకుని గబగబా మెట్లు దిగింది. బైండరు ఆ మొహం చూశాడు. లేచి వెనకే వెళ్ళాలనిపించింది. కానీ చేతిలో రొట్టె ఉంది, ఎదురుగా తెరిచిన నోరుంది. మిగతా కథ చెప్పాడు. పిచ్చుక కాగితం తప్ప అన్నీ తినేసింది.

మధ్యాహ్నం రెండున్నరకి ఆవిడ ఇంటికి పోకుండా నేరుగా షాపుకి వచ్చింది. యూనిఫాంలో ఎప్పుడూ రాలేదు. బైండరు జిగురు బ్రష్షు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"టైముకి అందుకున్నావా?"

"మూడు నిమిషాల ముందే చేరా." కాగితాల కట్ట మీద కూర్చుంది. కాసేపు చేతుల్లో టోపీ తిప్పింది. "అది నన్ను పొమ్మంది," అంది.

అతను బ్రష్షు కిందికి దించాడు.

"ఐదేళ్ళు నా చేత్తో తప్ప తినలేదు. ఇవాళ చేయి ఊపి మరీ పొమ్మంది. రెండో స్టాపులో బండాపి కళ్ళు తుడుచుకున్నా. ముందు సీట్లో ముసలావిడ ఏమైందమ్మా అని అడిగింది. ఏమని చెప్పను?"

"పొమ్మనకపోతే నువ్వు వెళ్ళేదానివి కాదు," అన్నాడు బైండరు.

"తెలుసు. అందుకే ఏడుపొచ్చింది."

అతను బ్రష్షు డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి ఆవిడ పక్కన కట్ట మీద కూర్చున్నాడు. ఇలాంటప్పుడు మాటకారులు ఏమంటారో అతనికి తెలియదు. భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు.

"పొద్దున నేను గుమ్మం దాటే దాకా అది నీ కథ వింటూ తిన్న ముద్దలు లెక్కపెట్టా. నాలుగు," అంది. "సరే, సూది ఎక్కించి ఏం చేశాడు?"

"నువ్వు చూస్తుంటే నాకు రాదు."

ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. "చూడట్లేదు. చెప్పు."

ఆ వీపుకి అతను కథ చెప్పాడు. షాపాయన బూటు కుట్టాడు. కొలత సరిగ్గానే తీశాడు కానీ అట్ట దళసరి, కాలు ఒకవైపు ఎత్తయింది. ఎలుగుబంటి ఇంతకంటే కుదరదా అని అడిగింది. ఇవాళ్టికి ఇంతేనన్నాడు షాపాయన. అది కుంటుకుంటూ బయల్దేరింది. దారి పొడుగునా కుంటింది, కానీ వాన పడకముందే ఇల్లు చేరింది.

"తర్వాత?" అంది గోడ వైపు నుంచి.

"అంతే. పిచ్చుక రొట్టె అయిపోయింది కదా మరి."

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియలేదు. ఇటు తిరిగితే కళ్ళు తడిగానే ఉన్నాయి, నవ్వూ ఉంది.

"రేపట్నుంచి నేను ఉండగానే మొదలుపెట్టు. మొదటి ముక్క విని వెళ్తా."

"నువ్వుంటే నాకు రాదంటున్నాగా."

"అది పొమ్మంటే వెళ్ళడం నేను అలవాటు చేసుకుంటున్నా," అంది ఆవిడ, టోపీ పెట్టుకుంటూ. "నువ్వు నా ముందు మాట్లాడ్డం అలవాటు చేసుకో."